ఆకుపచ్చ కళ్ళద్దాలు

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి దువ్వెన తీశాడంటే ఆయన లెక్కలో కేసు తేలిపోయినట్టే. ఇప్పటికి పదకొండు కేసులు అలా తేల్చాడు. వాటిలో నాలుగింటిని నేను మళ్ళీ మొదట్నించీ తవ్విపోయాల్సి వచ్చింది. అందుకే ఆయనంటే నాకెంత గౌరవమో ఆయనకీ తెలుసు. మనసులో ఆయన్ని దువ్వెన అనే పిలుచుకుంటాను. ఇక్కడా అలాగే పిలుస్తాను, అసలు పేరు తలుచుకునేంత ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి షెడ్డు ముందు దిగాను. గుమ్మం పక్కన నల్లటి పొడుగాటి కారు ఆగి ఉంది. దాని డ్రైవరు బానెట్‌కి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నిన్న కూడా మీ సారుని నువ్వే తీసుకొచ్చావా?"

"నేనేనండి. పదింటికి దింపాను. రేడియోలో పదకొండు గంటల వార్తలు మొదలై, అయిపోయి, పాట కూడా మొదలైంది. అప్పటికి గానీ బయటికి రాలేదు."

"వచ్చి ఏమన్నాడు?"

"చేతులు కడుక్కోడానికి నీళ్ళడిగారండి. గ్రీజు అంటిందన్నారు. పదేళ్ళుగా చేస్తున్నాను, ఆయన చేతికి గ్రీజు అంటడం అదే మొదటిసారి."

టైము రాసుకున్నాను. అబద్ధమాడే పెద్దమనుషులు లాయరుకి చెప్పుకుంటారు, పెళ్ళానికి చెప్పుకుంటారు, డ్రైవరుకి మాత్రం ఏం చెప్పాలో చెప్పరు. వాడికీ చెవులుంటాయని వాళ్ళకి తోచదు.

లోపల నిన్న జరిగింది ఇదీ. పొద్దున పదకొండూ పదికి ఈ షెడ్డులో ఒక పెట్రోలు ట్యాంకు పేలింది. దాని ముందు కూర్చున్న ట్యాంకు మేస్త్రి అక్కడికక్కడే పోయాడు. పాత మోటారుసైకిళ్ళకి పోయిన భాగాలు రేకు నుంచి చేత్తో చేసిపెట్టే మనిషి. ఇసుక నింపిన తోలుసంచి మీద అల్యూమినియం రేకు పెట్టి, చెక్కసుత్తితో కొట్టి కొట్టి, ట్యాంకు రెండు సగాలూ విడివిడిగా వంపు తిప్పి, గ్యాసుమంటతో అతికేవాడు. ఇంజన్ల పని అతని బావమరిదిది. ఇప్పుడా బావమరిది లాకప్‌లో ఉన్నాడు. ట్యాంకులో పెట్రోలు పోసి, బావకి చెప్పకుండా, తాను లేత్ షాపుకి పోయాడనీ, తెలియని బావ మంట పెట్టగానే పేలిందనీ దువ్వెన కథ. సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరు పరుస్తాడు. ఆ తర్వాత అతన్ని బయటికి లాగడం నా తరం కాదు.

ఈ పొద్దున మేస్త్రి భార్య నా గదికి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. "మా ఆయన ఎలాగూ పోయాడు అన్నయ్యగారూ. తమ్ముణ్ణైనా మిగల్చండి."

చూద్దామన్నాను. నేనెప్పుడూ అంతకంటే ఎక్కువ అనను.

షెడ్డు మధ్యలో తొంభై ఏళ్ళ మోటారుసైకిలు స్టాండు మీద నిలబడి ఉంది. ఫ్రేమూ ఇంజనూ పాతవి. మడ్‌గార్డులు, సైలెన్సరు గొట్టం, బ్రేకు పెడలు, చివరికి దీపం చుట్టూ రింగు కూడా మేస్త్రి చేతివే. ట్యాంకు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఆ బండి సొంతదారు నిలబడ్డాడు. ఊళ్ళోని పాత బండ్లన్నీ కొని హాల్లో పెట్టుకుంటాడు, ఎప్పుడూ ఎక్కడు. అందుకని మెకానిక్కులు అతనికి మ్యూజియం అని పేరు పెట్టారు. ఇంత సరైన పేరు నాకే తట్టలేదని కొంచెం ఈర్ష్య పడ్డాను.

"రండి రండి డిటెక్టివ్ గారూ," అన్నాడు దువ్వెన, తల దువ్వుకుంటూ. "కాస్త ఆలస్యమైంది. కేసు అయిపోయింది."

"అయిపోయిందా, నువ్వు అయిపోగొట్టావా?"

"కళ్ళకి అద్దాలున్నాయి, చేతిలో గ్యాస్ టార్చి ఉంది, ఎదురుగా ట్యాంకు ఉంది. పెట్రోలు డబ్బా మీద బావమరిది వేలిముద్రలున్నాయి. పదింటికి షెడ్డులోంచి అరుపులు వినపడ్డాయని పక్క దుకాణం వాళ్ళు చెప్పారు. ఇంకేం కావాలి మీకు?"

"పెట్రోలు డబ్బా వాడి పనిసామాను. దాని మీద వాడి వేళ్ళు లేకపోతే ఆశ్చర్యపోవాలి. మేస్త్రి తల వెనక దెబ్బ ఉందట కదా?"

"పేలుడికి వెనక్కి పడి ఇనప దిమ్మెకి కొట్టుకున్నాడు."

దిమ్మె ఎక్కడుందో చూశాను. మేస్త్రి స్టూలుకి కుడిపక్క, ఆరడుగుల దూరంలో ఉంది. వెనక ఉన్నది గోనెసంచుల గుట్ట. గుట్ట మీద పడ్డవాడికి తల పగలాలంటే చాలా కష్టపడాలి. ఇది దువ్వెనకి చెప్పలేదు, చెబితే దిమ్మెని జరిపిస్తాడు.

మ్యూజియం గొంతు సవరించుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, బండి ఎప్పుడు తీసుకెళ్ళొచ్చు? వచ్చే వారం పాత బండ్ల పోటీ ఉంది. న్యాయనిర్ణేతలు వస్తున్నారు."

మనిషి పోయి ఇరవై ఆరు గంటలైంది. వీడికి బండి గొడవ.

"ఒక్క పది నిమిషాలు మాట్లాడదాం సార్," అన్నాను. "మేస్త్రి చేత ట్యాంకు చేయించింది మీరే కదా?"

"బాగు చేయించాను. చేయించడం వేరు, బాగు చేయించడం వేరు. పాత బండికి కొత్త రేకు తొడగడం నా దృష్టిలో నేరం. ప్రతి రేకూ ఫ్యాక్టరీలో పుట్టిందే ఉండాలి."

"మరి ఈ మడ్‌గార్డు?"

"బాగు చేసిన మడ్‌గార్డు."

"పోయినవారం ఇది చదును రేకుగా ఈ గోడకి ఆనించి ఉందని పక్క దుకాణం వాళ్ళన్నారు."

చొక్కా చేతి బొత్తం సరిచేసుకున్నాడు. నేను పుస్తకం తీశాను.

"నిన్న ఎన్నింటికి వచ్చారు?"

"పదికి. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారు. పదీ ఇరవైకి బావమరిది విసురుగా వెళ్ళిపోయాడు. నేను పదీ ముప్పై అయిదుకి బయల్దేరాను."

"గడియారం చూసుకున్నారా?"

"నాకు టైమంటే పట్టింపు."

"మీరు వెళ్ళేటప్పటికి మేస్త్రి ఏం చేస్తున్నాడు?"

"టార్చి వెలిగించి ట్యాంకు అతుకుతున్నాడు. ఆకుపచ్చ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, ఎప్పట్లాగే. చేతిలో ఎంత నేర్పో! మంట అలా జరుగుతూ పోతుంటే వెనకాలే కరిగిన లోహం గీత గీసినట్టు పడేది. నా ఆరు ట్యాంకులూ ఈ రెండేళ్ళలో నా కళ్ళముందే అతికాడు. నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి."

"ఆరూ చూశారా?"

"ఆరూ."

నాకంటే ముందే వచ్చి మూలన నిలబడ్డ మేస్త్రి భార్య తలెత్తి అతని వైపు చూసింది. ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. ఆమె దేన్నో మింగుతోందని అప్పుడే అర్థమైంది.

డ్రైవరు మాట దువ్వెన చెవిలో వేశాను. ఆయన నవ్వాడు. "అంత పెద్దాయన మాట ఒకపక్క, పాటలు వినే డ్రైవరు మాట ఇంకోపక్క. మీరే చెప్పండి."

"పెద్దాయన మాట రాసుకున్నావా?"

"అక్షరం పొల్లుపోకుండా."

"జాగ్రత్తగా దాచుకో."

ఒంటిగంటా నలభై అయిదుకి మ్యూజియం దువ్వెనని పక్కకి పిలిచి చెవిలో ఏదో ఊదాడు. దువ్వెన ఉబ్బిపోయి, చీటీ మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. ఒకళ్ళ వీపు ఒకళ్ళు గోక్కుంటున్నారులే అనుకుని నేను అడగలేదు. మ్యూజియం కారెక్కి వెళ్ళిపోయాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని షెడ్డంతా వెతికాను. ట్యాంకు ముక్కలు పదకొండు దొరికాయి. అవి కలిపి పేర్చితే పైన మూత బిగించే చోట అరచెయ్యంత ఖాళీ మిగిలింది.

"ఆ ముక్క ఏది?"

"ఎగిరి ఎక్కడో పడి ఉంటుంది," అన్నాడు దువ్వెన.

"తలుపు వేసి ఉంది, కిటికీకి జాలీ ఉంది. ఎక్కడికి ఎగురుతుంది, నీ జేబులోకా?"

మేస్త్రి భార్య ముందుకొచ్చింది. "అక్కడే ఆయన గుర్తు ఉంటుందండి. మూడు చుక్కలు. ఇన్నాళ్ళూ ట్యాంకు లోపల కొట్టి మూసేసేవారు. ఇదే ఆఖరి ట్యాంకు, దీని మీద బయటే కొడతానన్నారు. ఫ్యాక్టరీదని చెప్పుకోడానికి కుదరదని సారు అరిచారు. ఎందుకు బావా గొడవ, తీసెయ్ అని మా తమ్ముడూ అరిచాడు. నిన్నటి పోట్లాట అదేనని తమ్ముడే చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు దువ్వెన.

"చెప్పానండి. ఆడవాళ్ళు తర్వాత మాట్లాడొచ్చన్నారు."

దువ్వెన గోడ కేసి చూశాడు. గోడ మీద ఒక మేకుకి కుంచె వేలాడుతోంది. అల్యూమినియం అతకాలంటే ముందు ఫ్లక్స్ అనే తెల్లపొడిని నీళ్ళలో కలిపి అతుకు పొడవునా రాయాలి, లేకపోతే లోహం లోహంతో కలవదు. కుంచె కడిగి ఆరేసినట్టుంది, తెల్లపొడి మరక ఒక్కటీ లేదు. పొడి డబ్బా మూత బిగించి ఉంది. నిన్న ఇక్కడ ఎవరూ ఫ్లక్స్ కలపలేదు.

"మేస్త్రి మొహాన ఉన్న కళ్ళద్దాలు చూపించు."

దువ్వెన కవరు అందించాడు. ఒక అద్దం పగిలింది. రెండూ ఆకుపచ్చవే.

"అవి ఆయనవి కావండి," అంది ఆమె. "ఇనుము అతకడానికి తమ్ముడు వాడేవి. ఇంకో జత అదిగో, మేకుకి ఉంది. అల్యూమినియానికి అవి పనికిరావు. నీలం అద్దాలు కావాలి." భుజానికున్న సంచిలోంచి ఒక జత తీసింది. ముదురు నీలం అద్దాలు, కొత్తగా కుట్టిన ఎలాస్టిక్. "పట్టీ తెగితే మొన్న సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళాను. నిన్నంతా ఇవి మా ఇంట్లో కుట్టుమిషను మీద ఉన్నాయి. ఇదీ చెప్పాను ఈయనకి."

"కళ్ళజోడు రంగుకీ హత్యకీ ఏమిటమ్మా సంబంధం?" అన్నాడు దువ్వెన. "దగ్గర్లో ఉన్నవి తగిలించుకుని ఉంటాడు. పచ్చవైతే ఏం, నీలమైతే ఏం?"

ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను. దువ్వెనకి ఎవరో ఒకరు పాఠం చెప్పాలని నాకు చాలా ఏళ్ళుగా కోరిక.

"అమ్మా, రెండు రేకు ముక్కలు అతికి చూపిస్తారా?"

"ఫొటోలు అయిపోయాయి," అన్నాడు దువ్వెన, స్టూలు లాక్కుని. "కానివ్వండి. తమాషా చూద్దాం."

ఆమె జుట్టు ముడేసుకుంది. ఫ్లక్స్ కలిపి రాసింది. సిలిండర్లు మూలనే క్షేమంగా ఉన్నాయి. తాళం తిప్పి, టార్చి వెలిగించి, మంటని సన్నం చేసింది. నేను మేకు మీది ఆకుపచ్చ జతని దువ్వెనకి తగిలించాను. మంట రేకుకి తగలగానే ఫ్లక్స్ నారింజరంగులో భగ్గుమంది.

"ఏం కనిపిస్తోంది?"

"మంట."

"మంట కింద?"

"మంటే."

"అతుకు ఎక్కడుంది?"

"మంటలో ఎక్కడో ఉంటుంది. నాకేం తెలుసు?"

ఆమె టార్చి ఆపి తన నీలం జత ఇచ్చింది. రెండోసారి ఆమె మళ్ళీ వెలిగించి, తల పక్కకి తిప్పుకుని, రేకు వైపు చూడకుండానే మంట జరిపింది. దువ్వెన నోరు వెళ్ళబెట్టాడు. నీలం అద్దంలోంచి ఆ నారింజ వెలుగంతా మాయమై, కింద కరుగుతున్న లోహం చిన్న చుక్కలా మెరుస్తూ కనబడుతుంది. నేను తర్వాత చూశాను.

"దీన్నిబట్టి ఏమైంది?" అన్నాడు దువ్వెన చివరికి. పరువు నిలుపుకోవాలిగా. "మేస్త్రి తెలిసిన మనిషి. ఈవిడ చూడకుండా అతికినట్టే ఆయనా అతికి ఉంటాడు."

అప్పుడు నేను ఆమె అతికిన ముక్క చల్లారబెట్టి చేతిలోకి తీసుకున్నాను. అతుకు పొడవునా సన్నటి అలలు, ఒక్కొక్కటి బియ్యపుగింజంత, ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. పేలిన ట్యాంకు ముక్క తెచ్చి పక్కన పెట్టాను. అవే అలలు.

"ఈ ట్యాంకు అతికిందెవరమ్మా?"

"ఆయనే."

"ఇది?"

ఆమె దువ్వెన దగ్గర్నించి నీలం అద్దాలు వెనక్కి తీసుకుని నుదుటి మీద పెట్టుకుంది.

"ఇప్పుడు రెండూ ఇరవై అయిదు. నాలుగింటికి మీ తమ్ముడు కోర్టు మెట్లెక్కుతాడు. మీరు దాస్తున్నదేదో ఆ తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "రెండేళ్ళయిందండి ఆయన టార్చి ముట్టి. చూపు పోయింది. అరచేత్తో తడిమి వంపు చూసుకుంటూ రేకు కొట్టేవారు, దానికి కళ్ళక్కర్లేదనేవారు. అతుకులన్నీ నేనే. అందరినీ బయటికి పంపేసి తెర వేసుకుని అతికేదాన్ని. చూపులేని మేస్త్రి చేతికి బండి ఎవరిస్తారు? ఆడది అతికిన ట్యాంకంటే ఎవరు తీసుకుంటారు? ఎవరికీ చెప్పొద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నారు. తమ్ముడికీ తెలుసు. నేను చెప్పమంటే గానీ చెప్పనని లాకప్‌లో అలాగే కూర్చున్నాడు వెధవ." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ ట్యాంకు మొన్న మధ్యాహ్నమే అతికేశాను. నిన్న అతకడానికి అందులో ఏమీ మిగల్లేదు."

సంచి అడుగునుంచి నాలుగు మడతల కాగితం తీసింది. కళ్ళ డాక్టరు చీటీ. రెండేళ్ళ కిందటి తారీఖు. చెయ్యి చాపినంత దూరంలో వేళ్ళెన్నో చెప్పలేకపోతున్నాడని రాసి ఉంది.

పరువు కోసం ప్రాణాలమీదికి తెచ్చుకునే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఆ అలల మీద వేలు పెట్టి చూశాక ఆ మాట ఆమెతో అనలేకపోయాను. ఇంత పనితనం ఒక చచ్చిన మనిషి పేరు కింద దాక్కుని బతికింది.

"ఇప్పుడు మీ పెద్దాయన వాంగ్మూలం చదువు," అన్నాను దువ్వెనతో.

చదివాడు. ఎప్పట్లాగే ఆకుపచ్చ కళ్ళద్దాలు. ఈ రెండేళ్ళలో ఆరు ట్యాంకులూ నా కళ్ళముందే. సగంలో ఆగి, మళ్ళీ మొదట్నించీ చదివాడు.

"గుడ్డివాడు అతుకుతుంటే చూశాడు," అన్నాను. "మూడు చుక్కలు చెరపమంటే మేస్త్రి వినలేదు. వెనకనుంచి తల మీద కొట్టాడు. గోడమీద దొరికిన కళ్ళద్దాలు తగిలించాడు. ట్యాంకులో పెట్రోలు పోసి, వెలిగించిన టార్చి దానికి ఆనించి, చుక్కలున్న ముక్క ముందే కత్తిరించి జేబులో వేసుకుని, రేకు కాగి పేలేలోపు చేతులు కడుక్కుని కారెక్కాడు. పాత బండ్ల మీద గంటల తరబడి ఉపన్యాసాలిస్తాడు, ఏ లోహానికి ఏ అద్దమో తెలీదు. వెల్డింగంటే ఆకుపచ్చే అనుకున్నాడు, రోడ్డు పక్కన చూసి ఉంటాడు. ఆ తప్పు ఈ షెడ్డులో పనిచేసేవాళ్ళెవరూ చెయ్యరు. స్టేషనుకి ఫోన్ చేసి బావమరిదిని వదిలెయ్యమను."

దువ్వెన ఫోన్ తీయలేదు. జేబులోంచి దువ్వెన కూడా తీయలేదు.

"వాడు స్టేషన్లో లేడు," అన్నాడు.

"మరి?"

"సారు హాల్లో ఇంకో బండి ఇంజను విప్పి ఉందట. ఏ ముక్క ఎక్కడిదో వీడికే తెలుసట. నాలుగులోపల తిరిగి పంపిస్తాను, ఒక్క గంట ఇవ్వండి అన్నారు. ఇందాక రాసిచ్చింది అదే. కానిస్టేబుల్ని తోడిచ్చే పంపించమన్నాను."

ఇందాక అంటే ఒంటిగంటా నలభై అయిదు. ఇప్పుడు రెండున్నర దాటింది. ఆ పోట్లాట కళ్ళారా చూసిన సాక్షి వాడొక్కడే. ఈ ముప్పావుగంటలో నేను నేలమీద పాకాను, రేకులు అతికించాను, ఒక తెలివితక్కువవాడికి పాఠం చెప్పి మురిసిపోయాను. చెవిలో ఏం ఊదాడో అడగడానికి మాత్రం నాకు నామోషీ అయింది. దువ్వెన మీద ఇన్నేళ్ళుగా దాచుకున్న చిన్నచూపంతా ఆ క్షణాన నా మీదికే తిరిగింది.

దువ్వెన ఆ కానిస్టేబుల్ నంబరు కలిపాడు. నేను ఫోన్ లాక్కున్నాను.

"ఎక్కడున్నావ్?"

"హాలు వరండాలో సార్. లోపల వెల్డింగు పనట, ప్రమాదం, బయట కూర్చో అన్నారు సారు."

"సారెక్కడ?"

"ఇప్పుడే బయటికొచ్చారు సార్. చేతులు కడుక్కోడానికి నీళ్ళడిగారు. కారెక్కుతున్నారు."

"కిటికీలోంచి చూడు. త్వరగా. లోపలున్నవాడేం చేస్తున్నాడు?"

బూట్ల చప్పుడు. "కూర్చుని ఉన్నాడు సార్, ట్యాంకు ముందు. గోడకి ఆనుకున్నాడు. మంట వెలుగుతోంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు."

"ఏ రంగువి?"

"సార్?"

"అద్దాలు ఏ రంగు?"

"ఆకుపచ్చవి సార్."

తలుపు పగలగొట్టు, ముందు గ్యాసు కట్టెయ్, తర్వాత వాణ్ణి ఈడ్చుకురా అని అరిచాను. అటుపక్క ఫోన్ నేలమీద పడ్డ చప్పుడూ, తలుపు మీద భుజం మోగిన చప్పుడూ వినిపించాయి. నుదుటి మీదికి తోసిన నీలం కళ్ళద్దాలతోనే మేస్త్రి భార్య నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, రెండు చేతులతో చెవికి ఆనించుకుంది.